విక్రమ్ ఎక్కడ దిగిందో ఎలా తెలిసింది?

(నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

2023 ఆగస్టు 23 సాయంత్రం మీలో చాలామంది టీవీ ముందో ఫోను ముందో కూర్చునే ఉంటారు. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఆరు గంటల నాలుగు నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్, అంటే నేల మీద దిగే భాగం, విక్రమ్ చంద్రుడి మీద దిగింది. చప్పట్లు, స్వీట్లు, టపాసులు అన్నీ అయ్యాయి. ఆ పక్క తీరంలోనే ఉన్న శ్రీహరికోట నుంచి జులై 14న ఎగిరిన రాకెట్టు పంపిన వస్తువు కాబట్టి మన జిల్లాల్లో సందడి కాస్త ఎక్కువే జరిగింది. ఆ చప్పట్లు ఆగాక మొదలైన పని గురించి మాత్రం పత్రికలు పెద్దగా రాయలేదు. దిగింది సరే, సరిగ్గా ఎక్కడ దిగింది? ఆ చోటును ఎవరు చూశారు? చూసింది అదేనని ఎలా నమ్మాలి? ఈ రోజు నేను మాట్లాడబోయేది దీని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోని వాళ్లు చివర్లో అడగండి. ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ల్యాండర్ దిగిన తర్వాత తీసిన ఫొటో కాదు. అక్కడ ఇంకా ఏమీ జరగకముందు, ఎవరికీ ఆసక్తి లేని రోజున, ఖాళీ నేలను తీసిన ఫొటో. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అది లేకపోతే మాత్రం ఎంత గొప్ప కెమెరా ఉన్నా చేయగలిగింది తక్కువ.

దిగేటప్పుడు మనకు ఏం కనిపిస్తుందో చూద్దాం. బెంగళూరులో, వ్యోమనౌకలను గమనిస్తూ నడిపించే ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రంలో పెద్ద తెర ఉంటుంది. దాని మీద ల్యాండర్ రావలసిన దారి ఒక గీత, నిజంగా వస్తున్న దారి మరో గీత. రెండూ ఒకదాని మీద ఒకటి పోతుంటే అంతా బాగున్నట్టు. గ్రాఫ్ అందంగానే ఉంటుంది కానీ, చూడవలసింది పక్కనున్న రెండు అంకెలను: అడ్డంగా పోతున్న వేగం, కిందికి దిగుతున్న వేగం. 5 గంటల 44 నిమిషాలకు, 30 కిలోమీటర్ల ఎత్తులో, అడ్డం వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు. అంటే గంటకు ఆరు వేల కిలోమీటర్లు. దాన్ని ఇంజిన్లతో చంపుకుంటూ రావాలి, ఎందుకంటే అక్కడ పారాచూట్ విప్పడానికి గాలి లేదు. మొదటి దశ 690 సెకన్లు. అది ముగిసేసరికి ఎత్తు 7.4 కిలోమీటర్లు. ఆ తర్వాత పది సెకన్ల పాటు ల్యాండర్ తన కెమెరాలతో కింద ఉన్నది ఏ నేలో పోల్చుకుంటుంది.

ఈ పోల్చుకోవడం అన్న చోట ఒక్క క్షణం ఆగాలి. విక్రమ్ అడుగున ఒక కెమెరా ఉంది. అది తీసిన ఫొటోను ల్యాండర్ కంప్యూటర్ తన దగ్గర ముందే దాచి ఉంచిన చంద్రుడి పటంతో సరిచూసి, నేను ఫలానా చోట ఉన్నాను అని తేల్చుకుంటుంది. పటం అంటే పాత ఫొటోయే. మనుషులు తర్వాత భూమి మీద చేయబోయే పనిని ల్యాండర్ తానే, గాలిలో... క్షమించండి, గాలి లేదు కదా, శూన్యంలో చేసుకుంటుంది. (నవ్వులు)

2019లో చంద్రయాన్-2 దిగుతున్నప్పుడు ఆ రెండు గీతలు విడిపోయాయి. దాని ల్యాండర్ పేరు కూడా విక్రమే. సెప్టెంబరు 7 తెల్లవారుజామున తెర మీది చుక్క దారి తప్పి, అక్కడే ఆగిపోయింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సవ్యంగానే ఉంది, ఆ తర్వాత సంకేతం పోయింది అని ఆ రాత్రి ప్రకటించారు. ఆ ఏడాది నవంబరులో పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో అసలు వివరం వచ్చింది. మొదటి దశ బాగానే సాగి వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకు తగ్గింది. రెండో దశలో వేగం తగ్గిన తీరు అనుకున్న లెక్కను మించిపోవడంతో తర్వాతి దశ పట్టు తప్పింది. చివరికి ల్యాండర్ దిగవలసిన చోటుకు 500 మీటర్ల లోపలే నేలను గట్టిగా తాకింది.

ఆ రాత్రి దీన్ని ఇస్రో ఒక్కటే చూడలేదు. నెదర్లాండ్స్‌లో డ్వింగెలో అనే చోట 1956 నాటి రేడియో టెలిస్కోపు ఉంది, 25 మీటర్ల డిష్. పాతబడి మూలన పడితే ఔత్సాహికులే బాగుచేసుకుని నడుపుతున్నారు. వాళ్లు విక్రమ్ రేడియో సంకేతాన్ని వింటూ కూర్చున్నారు. ల్యాండర్ వేగం మారుతున్న కొద్దీ మనకు అందే తరంగాల పౌనఃపున్యం మారుతుంది. డాప్లర్ ప్రభావం మీ పాఠాల్లో ఉన్నదే. ఆ మార్పును గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. దిగేటప్పుడు అది వంపు తిరుగుతుంది, నేల మీద నిలబడితే నిలకడగా సాగిపోతుంది. విక్రమ్ విషయంలో అది ఒక్కసారిగా తెగిపోయింది. ఎలాంటి ప్రకటన కోసమూ ఎదురుచూడకుండా, ఒక పాత డిష్, ఒక గ్రాఫ్‌తో వాళ్లకు సంగతి అర్థమైపోయింది.

అయితే రేడియో చెప్పేది ఎప్పుడు అన్నది మాత్రమే. ఎక్కడ అన్నది చెప్పలేదు, ఎందుకంటే డాప్లర్ మనవైపు వస్తున్న వేగాన్నో, మననుంచి పోతున్న వేగాన్నో మాత్రమే కొలుస్తుంది. ఎక్కడ అని తెలియాలంటే ఫొటో కావాలి.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1967 ఏప్రిల్‌లో అమెరికా పంపిన సర్వేయర్-3 చంద్రుడి మీద దిగింది. ఇంజిన్లు సమయానికి ఆగకపోవడంతో నేలను తాకి ఎగిరి, మళ్లీ తాకి ఎగిరి, చివరికి ఒక బిలం లోపల నిలబడింది. ఎక్కడుందో దానికే తెలియదు. దాని కెమెరా చుట్టూ ఉన్న రాళ్లను చూపిస్తోంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇవెన్ విటాకర్ ఆ రాళ్లను, అంతకుముందు లూనార్ ఆర్బిటర్ పైనుంచి తీసిన ఫొటోల్లోని చుక్కలతో జతపరిచి, ఫలానా బిలంలో ఉంది అని వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు ఎంత సరిగ్గా పడిందంటే, 1969 నవంబరులో అపోలో-12 ఆ చోటును గురిపెట్టుకుని వెళ్లి సర్వేయర్‌కు సుమారు 160 మీటర్ల దూరంలో దిగింది. వ్యోమగాములు కాన్రాడ్, బీన్ నడుచుకుంటూ వెళ్లి దాని కెమెరాను విప్పి భూమికి తెచ్చారు. మనిషి మరో లోకానికి వెళ్లి అంతకుముందు పంపిన యంత్రాన్ని కలుసుకోవడం అదొక్కసారే జరిగింది. దాని వెనక ఉన్నది ఒక మనిషి ఓపికగా ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడటం.

ఇప్పుడు 2019 నాటి విక్రమ్ దగ్గరికి వద్దాం. 500 మీటర్ల లోపలే పడింది కదా, మరి కనుక్కోవడానికి డిసెంబరు దాకా ఎందుకు పట్టింది?

చంద్రుడి చుట్టూ 2009 నుంచి నాసా వారి ఎల్ఆర్ఓ అనే ఆర్బిటర్ తిరుగుతోంది. 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీస్తే దాని కెమెరాలో ఒక్కో పిక్సెల్ నేల మీద అరమీటరు. అది సెప్టెంబరు 17న విక్రమ్ పడిన ప్రాంతం మీదుగా పోయింది. ఆ ఫొటోలను 26న విడుదల చేశారు. నాసా బృందానికి ఏమీ కనిపించలేదు. కారణం ఎండ. అక్కడ అప్పుడు సాయంకాలం. సూర్యకిరణాలు నిట్టనిలువు గీతతో 84 డిగ్రీల కోణం చేస్తున్నాయని వాళ్లే రాశారు. 90 లోంచి 84 తీసేయండి. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. ఒక మీటరు ఎత్తున్న రాయికి ఎంత నీడ పడుతుందో లెక్క వేయండి, త్రికోణమితి అందరికీ వచ్చు కదా. సుమారు తొమ్మిదిన్నర మీటర్లు! రాత్రిపూట గుంతల రోడ్డు మీద లారీ హెడ్‌లైట్ పడితే గులకరాయి కూడా బండరాయిలా కనిపిస్తుంది చూడండి, అదీ పరిస్థితి. నేలంతా నల్లటి నీడల చారలు. అందులో ఒక లోహపు ముక్క ఏ నీడలో పడి ఉందో ఎవరికి తెలుసు? పైగా ఆ ఫొటోలో పిక్సెల్ 1.3 మీటర్లు. కొన్ని రోజులకు అక్కడ రాత్రి. చంద్రుడి మీద రాత్రి అంటే మనకు రెండు వారాలు.

ఇక్కడ చెన్నైలో ఉండే షణ్ముగ సుబ్రమణియన్ రంగంలోకి వస్తాడు. మెకానికల్ ఇంజనీరు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం వృత్తి. అంతరిక్ష సంస్థలతో ఏ సంబంధమూ లేదు. నాసా ఆ ఫొటోలను అందరికీ అందుబాటులో పెట్టింది కాబట్టి దింపుకున్నాడు. రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో అదే ప్రాంతపు పాత ఫొటో, మరొకదానిలో కొత్త ఫొటో తెరిచి, పని ముగించుకుని వచ్చాక రాత్రుళ్లు గంటల తరబడి వెతికాడు. పాత ఫొటోలో లేనిది, కొత్త ఫొటోలో ఉన్నది ఒక్కటి కావాలి. చివరికి దొరికింది. ఎంతది అనుకుంటున్నారు? ఒక్క పిక్సెల్. చుట్టూ ఉన్న వాటికంటే తెల్లగా మెరుస్తున్న ఒకే ఒక్క చుక్క.

ఒక్క పిక్సెల్ చూసి ఇదే అనడానికి గుండె ధైర్యం కావాలి. డిజిటల్ ఫొటోల్లో తప్పుడు చుక్కలు మామూలే. అందుకే అతను పాత ఫొటోలు ఒకటికి నాలుగు చూసుకున్నాడు, అన్నిట్లోనూ ఆ చోటు ఖాళీ. అక్టోబరు 3న ట్విట్టర్‌లో పెట్టి, నాసాకు ఈమెయిలు రాశాడు. వాళ్లు దాన్ని పక్కన పడేయలేదు. అక్టోబరు 14, 15 తేదీల్లో, మళ్లీ నవంబరు 11న అదే ప్రాంతాన్ని తీశారు. నవంబరు ఫొటోలో పిక్సెల్ 0.7 మీటర్లు, కిరణాల కోణం 72 డిగ్రీలు. అంటే సూర్యుడు 18 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. చిన్న సంగతిలా అనిపిస్తుంది కానీ, దక్షిణాన 70 డిగ్రీలు దాటిన ఆ అక్షాంశంలో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇరవై డిగ్రీలకు మించి పెద్దగా ఎక్కడు. అక్కడ దొరికే మంచి ఎండ అదే. ఒక మీటరు రాయి నీడ మూడు మీటర్లకు తగ్గింది. అప్పుడు కనిపించాయి అసలువి: విక్రమ్ తాకిన చోటు, దాని చుట్టూ చెదిరిన మట్టి, కిలోమీటర్ల మేర చిమ్మిన శకలాలు. అన్నిటికన్నా పెద్దవి మూడు, ఒక్కొక్కటి రెండు పిక్సెళ్ల వెడల్పు, రెండు పిక్సెళ్ల పొడవు, ఒక పిక్సెల్ నీడ. సుబ్రమణియన్ చూసిన ముక్క అసలు చోటుకు వాయవ్యంగా 750 మీటర్ల దూరంలో ఉంది. డిసెంబరు 2న నాసా ప్రకటించిన ఫొటోలో దాని పక్కన ఎస్ అనే అక్షరం వేశారు. అతని పేరులోని అక్షరమే.

నాసా బృందంలో అనుభవజ్ఞులు లేక కాదు. వాళ్లకు చంద్రుడంతా పని, ఇతనికి ఆ చిన్న చతురస్రం తప్ప వేరే పని లేదు. తేడా అక్కడే వచ్చింది.

రష్యా లూనా-25 కథ ఇంకా సూటిగా ఉంటుంది. మన చంద్రయాన్-3కి నాలుగు రోజుల ముందు, 2023 ఆగస్టు 19న కూలిపోయింది. రష్యా సంస్థ అంచనా వేసి చెప్పిన చోటును ఎల్ఆర్ఓ 24న తీసింది. 2022 జూన్‌లో తీసిన ఫొటోతో పోలిస్తే, అప్పుడు లేని పది మీటర్ల బిలం ఒకటి కనిపించింది. దిగవలసిన చోటుకు అది 400 కిలోమీటర్ల ఇవతల ఉంది. ఆ జూన్ ఫొటో లేకపోతే ఏమయ్యేది? పది మీటర్ల బిలాలు చంద్రుడి మీద లెక్కలేనన్ని. అందులో ఇది నిన్నటిదో, కోటి ఏళ్ల నాటిదో అంత తేలిగ్గా తేల్చలేం.

చంద్రయాన్-3కి ఇస్రో తెలివైన పని చేసింది. చంద్రయాన్-2 ల్యాండర్ పోయినా ఆర్బిటర్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. దానిలోని ఓహెచ్ఆర్‌సీ కెమెరా వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి 25 సెంటీమీటర్ల పిక్సెల్‌తో తీస్తుంది. విక్రమ్ వెడల్పు రెండు మీటర్లు, అంటే అందులో ఎనిమిది పిక్సెళ్లు. సుబ్రమణియన్‌కు దొరికింది ఒక్కటేనని గుర్తుంచుకోండి. ఆ కెమెరా ఆగస్టు 23 మధ్యాహ్నం 2 గంటల 28 నిమిషాలకు, ఇంకా ఏమీ దిగకముందు, ఆ నేలను తీసింది. రాత్రి 10 గంటల 17 నిమిషాలకు మళ్లీ తీసింది. మొదటి దానిలో నేల, రెండో దానిలో విక్రమ్. అంతే, వాదన ముగిసింది.

ఈ జంట ఫొటోలతో ఇంకో పని కూడా చేశారు. దిగేటప్పుడు ఇంజిన్ల మంట నేల మీది సన్నని ధూళిని ఊడ్చేసింది. ఊడ్చిన నేల వేరేగా మెరుస్తుంది. ముందు, తర్వాత ఫొటోలను ఒకదాని నుంచి మరొకటి తీసివేసి చూస్తే ల్యాండర్ చుట్టూ ఒక వలయం కనిపించింది. లెక్క కడితే 108.4 చదరపు మీటర్ల మేర 2.06 టన్నుల మట్టి చెదిరింది. ఆగస్టు 27న ఎల్ఆర్ఓ పక్కకు వాలి తీసిన ఫొటోలో కూడా ఆ తెల్లటి వలయం మధ్య విక్రమ్ నీడ కనిపిస్తుంది. ఆ చోటు దక్షిణ అక్షాంశం 69.37 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 32 డిగ్రీలు దాటి కాస్త. మనవాళ్లు శివశక్తి అని పేరు పెట్టారు, 2024 మార్చిలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించింది.

ఒక చిన్న ఫిర్యాదు. పత్రికలన్నీ దక్షిణ ధ్రువం మీద దిగింది అని రాశాయి. చంద్రుడి మీద ఒక్కో అక్షాంశ డిగ్రీ ముప్ఫై కిలోమీటర్లు. 69 నుంచి 90 దాకా లెక్క వేసుకోండి, ధ్రువం ఇంకా 600 కిలోమీటర్ల పైన ఉంది. ధ్రువానికి అంత దగ్గరగా అంతకుముందు ఎవరూ మెత్తగా దిగలేదు, ఆ ఘనత చాలదా? లేనిది కలపడం ఎందుకు?

మీరు స్వయంగా చేయాలనుకుంటే రెండు జాగ్రత్తలు చెబుతాను. ఎల్ఆర్ఓ ఫొటోలు నాసా ఉచితంగా ఇస్తుంది. చంద్రయాన్-2 ఫొటోలు ఇస్రో వారి ప్రదాన్ అనే పోర్టల్‌లో దొరుకుతాయి. రెండు ఫొటోలు తీసుకునేటప్పుడు ఎండ ఒకే వైపు నుంచి, ఇంచుమించు ఒకే ఎత్తు నుంచి పడేవి ఎంచుకోండి. లేకపోతే ప్రతి రాయీ కొత్తగానే కనిపిస్తుంది. రెండోది, ఫొటోను వెలుగు పైనుంచి పడేలా తిప్పుకోండి. కింది నుంచి వెలుగు పడితే మన కన్ను మోసపోయి గుంటను గుట్టగా చూస్తుంది. ఆ తర్వాత రెండింటినీ ఒకే చోట పెట్టి, ఒకటి మార్చి ఒకటి చకచకా చూపించండి. మారనివన్నీ నిలబడి ఉంటాయి, మారింది మాత్రం మిణుకుమంటుంది. 1930లో క్లైడ్ టాంబో ప్లూటోను పట్టుకున్నది ఈ పద్ధతిలోనే.

ఇక అడగండి. ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయి.

"సార్, 2019లో విక్రమ్‌ను ముందే మా ఆర్బిటర్ కనుక్కుందని ఇస్రో చెప్పింది కదా. మరి పేరు సుబ్రమణియన్‌కు ఎందుకు వచ్చింది?"

మంచి ప్రశ్న, అమ్మా. చెప్పిన మాట నిజమే. 2019 సెప్టెంబరు రెండో వారానికే ఇస్రో ఆర్బిటర్ విక్రమ్‌ను గుర్తించిందని ప్రకటించారు. నేను దాన్ని కాదనను, వాళ్ల కెమెరా అంత పని చేయగలదు. కానీ అప్పుడు ఫొటో విడుదల చేయలేదు. ఫొటో లేని ప్రకటనను మనం గౌరవించగలం, సరిచూడలేం. సుబ్రమణియన్ చూపించినదాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చు, తప్పయితే తప్పు అనవచ్చు. నాలుగేళ్ల తర్వాత చంద్రయాన్-3కి ఇస్రో ముందు, తర్వాత ఫొటోలు రెండూ బయటపెట్టింది. నాకు అది ఎంతో నచ్చింది.

"సార్, హబుల్‌తో చూడలేమా?"

చూడలేం, బాబూ. హబుల్ ఎంత పదును చూపించినా, చంద్రుడి దూరంలో తొంభై మీటర్ల కంటే చిన్నది దానికి విడిగా కనిపించదు. విక్రమ్ రెండు మీటర్లు.

"చంద్రయాన్-3 విక్రమ్ ఇప్పుడు దేనికైనా పనికొస్తుందా సార్?"

వస్తుంది. దాని మీద నాసా ఇచ్చిన చిన్న అద్దాల పళ్లెం ఉంది, అయిదు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది పట్టకాలు. కరెంటు అక్కర్లేదు, చలికి చావదు. 2023 డిసెంబరు 12న ఎల్ఆర్ఓ వంద కిలోమీటర్ల దూరం నుంచి దాని మీదికి లేజర్ కాంతి పంపితే, కాంతి తిరిగి వచ్చింది. ల్యాండర్ నిద్రలోకి వెళ్లి అప్పటికి మూడు నెలలు. ఇకపై అక్కడికి దగ్గరగా పోయేవాళ్లు తామెక్కడున్నామో చూసుకోవడానికి అది గుర్తుగా పనికొస్తుంది.

సరే, ప్రశ్నలు కాసేపు ఆపి పని చేద్దాం. తెర మీద 2019 సెప్టెంబరు 17 నాటి ఎల్ఆర్ఓ ఫొటో, దాని పక్కన అదే నేల పాత ఫొటో పెడుతున్నాను. ఎస్ అనే అక్షరం తీసేశాను. వెనక కూర్చున్న వాళ్లు ముందుకు రండి, ఆ లైట్లు ఆపండి.